తోకచుక్కలు కనబడతాయి, కరెంటు ఉంటే

నల్లగొండలో మా కళాశాల ప్రయోగశాలకు ఈ ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ (రంగు అద్దిన భాగాలను వెలిగించి చూపే సూక్ష్మదర్శిని) వచ్చి ఆరేళ్లయింది. వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టింది నేనే, తర్వాత అందరికంటే ఎక్కువగా తిట్టుకున్నదీ నేనే.

దీనితో మేము ఎక్కువగా చేసేది కామెట్ (తోకచుక్క) పరీక్ష, అంటే కణాల్లో డీఎన్‌ఏ తెగిందో లేదో చూడటం. ఉల్లి వేర్ల కొనలను మంచు మీద పెట్టిన గాజు పళ్లెంలో, గదిలో వెలుతురు తగ్గించి, బ్లేడుతో సన్నగా తరుగుతాం. బయటపడ్డ కణ కేంద్రకాలను అగరోజ్ అనే జెల్‌లో కలిపి స్లైడు మీద పరిచి, క్షార ద్రావణంలో నానబెట్టి విద్యుత్తు పంపుతాం. డీఎన్‌ఏ తెగి ఉంటే ఆ ముక్కలు ధన ధ్రువం వైపు జారి తోకలా సాగుతాయి, లేకుంటే కేంద్రకం గుండ్రంగా అలాగే ఉంటుంది. డీఎన్‌ఏకు అంటుకునే రంగు ఇథిడియం బ్రోమైడ్ అద్ది (చేతి తొడుగులు లేనివాళ్లను ఆ సీసా దగ్గరికి రానివ్వను) ఆకుపచ్చ కాంతిలో చూస్తే నల్లటి ఆకాశంలో నారింజ రంగు తోకచుక్కలు! డీఎన్‌ఏను తెంపే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఉంచిన వేర్లలోనైతే తల చిక్కిపోయి తోకే మిగులుతుంది. ఈ పనికి 20 రెట్ల కటకం చాలు.

మా జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. ఏటా ఎవరో ఒక విద్యార్థి ఇంటి నుంచి సీసాలో నీళ్లు పట్టుకొచ్చి, "సార్, వేర్లు ఇందులో పెట్టి చూద్దామా?" అంటాడు. చూస్తాం. నాలుగు తోకలు కనబడగానే నీటి మీద తీర్పు చెప్పేయకుండా, స్లైడుకు 50 కేంద్రకాలైనా లెక్కపెట్టిస్తాను.

ఇక బాధలు. దీనితో వచ్చింది 100 వాట్ల పాదరస దీపం. ఆయుష్షు 200 నుంచి 300 గంటలు. ఒకసారి ఆరితే పూర్తిగా చల్లారేదాకా మళ్లీ వెలిగించకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం 37వ కేంద్రకం దగ్గర కరెంటు పోయిందంటే అరగంట చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ లోగా రంగు వెలవదు గానీ ఓపిక వెలిసిపోతుంది. మూడో ఏట ఎల్‌ఈడీ దీపం పెట్టించాక ఈ బాధ తీరింది. అమ్మినవాళ్లు ఆ దీపం బిగించడానికి మనిషిని పంపేసరికి ఒక సెమిస్టర్ గడిచిపోయింది.

డీఎన్‌ఏ ప్రతికృతి (డీఎన్‌ఏ తన నకలు తీసుకోవడం) చూడాలంటే మాత్రం దీని బలం కొంతవరకే. వేర్లను గంటసేపు ఈడీయూ (కొత్తగా తయారయ్యే డీఎన్‌ఏలో చేరిపోయే పదార్థం) కలిపిన నీటిలో ఉంచి రంగు తగిలిస్తే, ఆ గంటలో నకలు తీసుకుంటున్న కేంద్రకాలే ఆకుపచ్చగా వెలుగుతాయి. ఏ కణం పనిలో ఉందో తెలుస్తుంది, ఆ పని లోపల ఎలా జరుగుతోందో తెలియదు. మామూలు కాంతితో 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒక్కటిగానే కనబడతాయి, డీఎన్‌ఏ పోగు మందమేమో 2 నానోమీటర్లు. ఆ హద్దు దాటించినవారికి 2014లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. అలాంటి యంత్రం కావాలంటే మాలాంటివాళ్లం హైదరాబాద్ బస్సెక్కాల్సిందే.

డిగ్రీ, పీజీ విద్యార్థుల కోసమైతే కొనండి, ఎల్‌ఈడీ దీపం ఉన్నదే అడగండి. అంతకంటే ముందు ఆ గదికి ఇన్వర్టర్ వైరు లాగించండి. మేము ఆ పని నిరుడు చేశాం.