యుద్ధ కాలంలో షేర్ల అమ్మకం: బతిమాలడమా, తాళం వేయడమా?

తిరుపతి వాళ్లకు క్యూ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైన బ్రేక్ దర్శనం నడుస్తుంటే కంపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లు కూర్చోవలసిందే. యుద్ధం వస్తే పెట్టుబడుల మార్కెట్టులోనూ అంతే. జనం దగ్గరున్న డబ్బు కోసం ప్రభుత్వం ముందు వరుసలోకి వస్తుంది, షేర్లు అమ్ముకోవాలనుకున్న కంపెనీలు ఆగాలి. ఎలా ఆపాలన్నదే పేచీ. 1918లో అమెరికా బతిమాలింది, 1943లో మన దేశంలోని బ్రిటిష్ ప్రభుత్వం తాళం వేసింది.

అమెరికాలో 1918 ఏప్రిల్ నాటి చట్టంతో ఏడుగురు సభ్యుల క్యాపిటల్ ఇష్యూస్ కమిటీ ఏర్పడింది. లక్ష డాలర్లకు మించిన ఇష్యూలను, అంటే అమ్మజూపే కొత్త షేర్లు, బాండ్లను చూసి, దేశావసరాలకు అడ్డు రావనుకుంటే సరేననేది, లేకుంటే ఆగమనేది. ఆగకపోతే శిక్షించే అధికారం మాత్రం దానికి లేదు. పరువున్న కంపెనీలు మాట విన్నాయి. విననిది ఎవరంటే, జనం దేశం కోసం కొన్న యుద్ధ రుణ పత్రాలు, అంటే లిబర్టీ బాండ్లను పుచ్చుకుని పనికిరాని షేర్లు అంటగట్టే దళారులు. పెద్దమనిషి ఆగాడు, దొంగ సాగిపోయాడు. అయితే ఆ కమిటీలో నాకు నచ్చిన గుణం ఒకటుంది: నవంబరులో యుద్ధం ఆగితే, డిసెంబరు 31కల్లా పని చాలించింది.

మన దగ్గర 1943 మేలో భారత రక్షణ నిబంధనల్లో 94-ఎ అనే నిబంధన చేరింది. కేంద్రం అనుమతి లేనిదే కంపెనీ మూలధనం సేకరించకూడదు. యుద్ధ రుణాలకు డబ్బు కావాలి, ధరలు మండిపోతున్నాయి, అవసరం లేని పరిశ్రమలకు పెట్టుబడి మళ్లకూడదు. ఇంతవరకు న్యాయమే. యుద్ధం 1945లో ముగిసింది, తాళం మాత్రం ఊడలేదు. 1947లో వచ్చిన చట్టం పేరులోనే ‘కొనసాగింపు’ ఉంది. 1956లో దాన్ని శాశ్వతం చేశారు. షేరు ఎంతకు అమ్మాలో కూడా ఢిల్లీలో కంట్రోలర్ అనే ప్రభుత్వాధికారే తేల్చేవాడు. 1992 మేలో గాని అది పోలేదు.

మా నాన్న ట్రంకు పెట్టెలో ఎనభైల నాటి షేరు దరఖాస్తు ఒకటి ఉంది, మడతల దగ్గర చిరిగిపోయింది. కంట్రోలర్ అనుమతి వచ్చిందన్న వాక్యం కింద నాన్న పెన్సిలుతో గీత గీసుకున్నారు. దాని పక్కనే, కంపెనీ ఆర్థిక పటిష్ఠతకు ప్రభుత్వం బాధ్యత వహించదని ఉంది. అక్కడ గీత లేదు. కంపెనీ ఆ తర్వాత జాడ లేకుండా పోయింది. 1918 నాటి అమెరికా కమిటీ కూడా ఇలాంటి మాటే రాయించేది: దేశ ప్రయోజనానికి విరుద్ధం కాదు, అంతేగాని షేరు విలువకు మా ఆమోదం లేదు అని. క్యూలో వంతు చెప్పే టోకెనును జనం ప్రసాదం అనుకున్నారు.

నన్నడిగితే యుద్ధంలో తాళమే మేలు. బతిమాలితే వినేవాణ్ణి ఆపడానికి కమిటీ ఎందుకు? కాకపోతే తాళం తీసే తేదీ కూడా ఆ రోజే రాసి ఉండాలి, పొడిగించాలంటే పార్లమెంటులో మళ్లీ వాదించి గెలవాలి. మన చట్టాన్ని శాశ్వతం చేసిన వాళ్లకు ఏ యుద్ధం కనిపించిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మొన్న మా అబ్బాయి ఫోనులో ఐపీఓకు, అంటే ఒక కంపెనీ మొదటిసారి జనానికి అమ్ముతున్న షేర్లకు, దరఖాస్తు పెడుతూ, ‘సెబీ చూసే ఉంటుంది కదా నాన్నా’ అన్నాడు. సెబీ అంటే ఇప్పుడు షేర్ల మార్కెట్టును నియంత్రించే సంస్థ. ఫోను తీసుకుని, ఈ షేర్లను సెబీ సిఫారసు చేయలేదన్న వాక్యం వెతికి చూపించాను. చదివి, దరఖాస్తు పెట్టేశాడు.