పదహారు గంటల ఉపవాసం: పన్నెండు వారాల అనుభవం

రోజులో ఎనిమిది గంటల వ్యవధిలోనే భోజనాలన్నీ ముగించి, మిగిలిన పదహారు గంటలు నీళ్లతోనూ చక్కెర, పాలు లేని టీ, కాఫీలతోనూ సరిపెట్టుకునే పద్ధతిని నేను 12 వారాలు పాటించాను. మొదటి వారమంతా తలనొప్పి, చిరాకు వదలలేదు. ఉదయం పది దాటితే చూపు గడియారం మీదే ఉండేది. రెండో వారం చివరికి ఆ ఆకలి దానంతటదే సద్దుమణిగింది.

మొత్తం మూడు కిలోలు తగ్గాను. తొలి రోజుల్లో చకచకా తగ్గిన బరువులో చాలా భాగం కొవ్వు కాదు, శరీరంలోని గ్లైకోజెన్ (కాలేయం, కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం), దానితోపాటు నిల్వ ఉండే నీరు మాత్రమే. ఆ తర్వాతి తగ్గుదలకు గడియారం మహిమ కంటే, రాత్రిపూట చిరుతిండి మానేయడమే కారణమని నా అభిప్రాయం. చైనాలో 139 మంది ఊబకాయులపై ఏడాదిపాటు జరిగి 2022లో ప్రచురితమైన అధ్యయనంలోనూ, కేలరీలతోపాటు భోజన సమయాన్నీ కుదించుకున్నవారు సగటున 8 కిలోలు, కేలరీలు మాత్రమే తగ్గించుకున్నవారు 6.3 కిలోలు తగ్గగా, ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు.

అయితే కేలరీల లెక్కలు రాసుకునే ఓపిక లేని నాలాంటివారికి ఒకే ఒక్క నియమం ఉండటం పెద్ద సౌలభ్యం. ఇన్సులిన్ వాడేవారు వైద్యుల సలహా లేకుండా దీని జోలికి పోకూడదు. గర్భిణులకు ఇది అసలే తగదు. విందులున్న రోజుల్లో నియమం తప్పాను, దాచడమెందుకు. ప్రస్తుతం పది గంటల వ్యవధికి మారాను. బరువు నిలకడగానే ఉంది.