ఇంటి పనులకు 200 ఆంపియర్ల మిగ్ వెల్డింగ్ మెషీన్: ఏళ్ల తరబడి వాడాక

గేటు అడుగు పైపు తుప్పు తినేయడం, కిటికీ కమ్మీ ఊడటం, కూలర్ స్టాండు, ట్యాంకు నిచ్చెన... ఇంట్లో తగిలే ఇనప పని దాదాపు అంతా 1.2 నుంచి 3 మి.మీ. మందం లోపే. ఇనప దుకాణంలో అడిగే మాటల్లో చెప్పాలంటే 18 గేజ్, 16 గేజ్ పైపులు, 3 మి.మీ. యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనుము), పట్టీ. వీటి కోసం నేను వాడుతున్నది సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ మిగ్, అంటే చుట్టలోని సన్నటి వైరును తానే తోస్తూ కరిగించి అతికే వెల్డింగ్ మెషీన్. డబ్బా మీద 200 ఆంపియర్లని ఉంటుంది. గ్యాస్‌తో, గ్యాస్ లేకుండా, రాడ్‌తో మూడు రకాలుగానూ నడుస్తుంది. ఇంటికి మెషీన్ కొనేవాళ్లు ముందు దాని పక్క తలుపు తీయించి, లోపలున్న వైరు ఫీడర్ (చేత్తో పట్టుకునే టార్చిలోకి వైరును తోసే భాగం) చూడాలి. ఆంపియర్ల లెక్క ఆ తర్వాతే.

ఎందుకంటే ఆ ఆంపియర్లు ఇంట్లో ఎలాగూ పూర్తిగా రావు. మిగ్‌లో 100 ఆంపియర్ల దగ్గర ఆర్క్ (వైరు చివర మండే కరెంటు మంట) వోల్టేజి సుమారు 19, 200 దగ్గర 24. అంటే 200 మీద ఆర్క్‌కే 4.8 కిలోవాట్లు కావాలి. మెషీన్ లోపల వేడిగా పోయేది, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటు అంతా పనికి రాకపోవడం) కూడా కలిస్తే గోడ నుంచి 30 ఆంపియర్లు దాటి లాగుతుంది. గీజరుకో ఏసీకో పెట్టే సాకెట్ 16 ఆంపియర్లదే. దాని మీద నిలకడగా దొరికేది వెల్డింగ్ వైపు 100 ఆంపియర్లు. అవి చాలు కూడా: 16 గేజ్ పైపుకి 60–70 సరిపోతాయి, 3 మి.మీ. యాంగ్లర్ 100 దగ్గర నెమ్మదిగా నడిపితే బాగానే కరుగుతుంది. 250 ఆంపియర్ల మోడల్‌కి ఎక్కువ డబ్బు పెట్టడం అనవసరం. ఆ డబ్బుతో మీటరు బోర్డు నుంచి 4 చ.మి.మీ. రాగి వైరుతో విడిగా లైను లాగించి, 20 ఆంపియర్ల 'సి' రకం ఎం.సి.బి. పెట్టించుకోండి. 'బి' రకమైతే స్విచ్ వేయగానే పడిపోతుంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు కూడా చూసుకోవాలి: 20 మీటర్ల 1 చ.మి.మీ. వైరు నిండు లోడు మీద 12 వోల్టుల దాకా తినేస్తుంది, 2.5 అయితే 5 లోపే.

ఇక ఫీడర్. ప్లాస్టిక్ బాడీ, ఒకటే పళ్ల రోలర్, 1 కిలో స్పూల్ (వైరు చుట్ట) మాత్రమే పట్టేది అయితే తీసుకోకండి. ప్లాస్టిక్ చేయి వేడికి సాగి పట్టు వదిలేస్తుంది. వైరు ఒక సెకను ఆగి మళ్లీ వస్తుంది, ఆర్క్ తెగుతుంది, మనం వోల్టేజి తప్పేమోనని నాబ్ తిప్పుతూ కూర్చుంటాం. లోహపు ఫీడర్, 5 కిలోల స్పూల్ పట్టే చోటు, యూరో కనెక్టర్ టార్చి ఉండాలి. యూరో అయితే టార్చి పాడైనా ఏ కంపెనీదైనా తెచ్చి తగిలించవచ్చు. 15 నంబరు టార్చికి టిప్పులు (వైరు బయటికి వచ్చే రాగి మొనలు), నాజిళ్లు (గ్యాస్ వచ్చే మూతులు) ఎక్కడైనా దొరుకుతాయి. టార్చి మెషీన్‌లోంచే వచ్చే రకానికి ఆ వీలు లేదు.

రోలర్ బిగింపు సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఇనుముకి తగిలించే ఎర్త్ క్లాంపు తీసేసి, టార్చిని ఎండు చెక్క ముక్కకి రెండంగుళాల దూరంలో ఏటవాలుగా పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. వైరు చెక్కకి తగిలి వంగుతూ ఆగకుండా రావాలి. ఆగిపోతే అర చుట్టు బిగించండి. అతిగా బిగిస్తే ఇంకో చిక్కు. టిప్పు దగ్గర వైరు అతుక్కున్నప్పుడు రోలర్ జారదు, వైరు లోపలే ఉండ చుట్టుకుపోతుంది. అప్పుడు కత్తిరించి, లైనర్‌లో (టార్చి కేబుల్ లోపలి గొట్టం) ఉన్నది లాగి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. మామూలు వైరుకి 'వి' గాడి రోలర్, ఫ్లక్స్ వైరుకి (లోపల మందు నింపిన వైరు, దీనికి గ్యాస్ అక్కర్లేదు) గరుకు గాడి. గాడి మీది అంకె, టిప్పు మీది అంకె, వైరు మందం మూడూ ఒకటవ్వాలి. 16 గేజ్ పనికి 0.8 మి.మీ. సరైనది.

గ్యాస్ లేని ఫ్లక్స్ వైరుతో "అతుకు పట్టడం లేదు, చిమ్ముడు ఎక్కువ" అనేవాళ్లలో చాలామంది పోలారిటీ మార్చి ఉండరు. మామూలు వైరు, గ్యాస్ అయితే టార్చి పాజిటివ్‌కి, గ్యాస్ లేని ఫ్లక్స్ వైరుకి టార్చి నెగెటివ్‌కి. ఈ మార్పు సౌకర్యం లేని మెషీన్ కొనకండి. ఫ్లక్స్ వైరు గాలి తగిలే మేడ మీద పనికి మంచిది. 18 గేజ్ పైపు మీద మాత్రం ఇట్టే చిల్లు పెడుతుంది.

గ్యాస్‌కి ఉత్త కార్బన్ డయాక్సైడ్ చాలు, ఆర్గాన్ మిశ్రమం కంటే చవక. చిమ్ముడు కొంచెం ఎక్కువ, అంతే. నిమిషానికి 8–10 లీటర్లు పెట్టండి, ఫ్యాను ఆపేయండి. సిలిండర్‌లో గ్యాస్ ద్రవంగా ఉంటుంది కాబట్టి గేజి ముల్లు చివరిదాకా కదలదు. ఎంత మిగిలిందో కాటా మీద పెట్టి తూచుకోవాలి. కిలో గ్యాస్ 10 లీటర్ల చొప్పున ఆర్క్ టైములో ముప్పావు గంట పైనే వస్తుంది. సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, ఎండలో పెట్టకూడదు.

16 గేజ్‌కి 17–18 వోల్టులు, వైరు నిమిషానికి 3–4 మీటర్లతో మొదలుపెట్టండి. వైరు టార్చిని వెనక్కి నెడుతూ టకటకా పొడుస్తుంటే వేగం ఎక్కువ లేదా వోల్టేజి తక్కువ. వైరు పైకి కాలిపోయి టిప్పుకి అతుక్కుంటే దానికి ఎదురు. చిటపట తెగకుండా ఒకే తీరులో వినిపించాలి. వోల్టేజి, వైరు వేగం విడివిడిగా మార్చుకునే నాబ్‌లు ఉండాలని చెప్పేది ఇందుకే. ఒకే నాబ్‌తో అన్నీ అదే చూసుకునే మోడల్‌లో కూడా వోల్టేజిని కాస్త అటూ ఇటూ జరుపుకునే వీలుండాలి.

తుప్పు పట్టిన గేటు సంగతికొస్తే, అడుగు పైపులో నీళ్లు నిలిచి లోపలి నుంచి తినేస్తాయి. పైకి గట్టిగానే కనిపిస్తుంది, ఆర్క్ తగలగానే కాగితంలా చిల్లు పడుతుంది. చిల్లు చుట్టూ నింపుకుంటూ పోతే పెద్దదవుతుందే గానీ పూడదు. సుత్తితో కొట్టుకుంటూ వెళ్లి, గణగణమని మోగే చోట కోసేయండి. లోపలికి సరిపడే చిన్న పైపు 50 మి.మీ. దూర్చి, కొత్త ముక్క పెట్టి, నాలుగు వైపులా టాక్ (కదలకుండా పట్టే చిన్న అతుకు) వేశాకే అతకండి. ఒకేసారి లాగకుండా సెకను సేపు చుక్క, ఎరుపు తగ్గాక పక్కన ఇంకో చుక్క. అడుగున 6 మి.మీ. రంధ్రం ఒకటి వేస్తే నీళ్లు నిలవవు. జి.ఐ. పైపైతే అతుకుకి రెండు వైపులా అంగుళం మేర జింకు పూత గ్రైండర్‌తో తీసేసి, గాలి ఆడే చోటే చేయండి. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

రంగు, తుప్పు పూర్తిగా గీకలేని చోట మిగ్ అతుకులో బుడగలు తప్పవు. అక్కడ అదే మెషీన్‌ని రాడ్‌కి మార్చి 2.5 మి.మీ. 6013 రకం రాడ్‌తో కానిచ్చేయడం మేలు. గేటు మడతబందులకి నేను ఇప్పటికీ రాడ్డే వాడతాను.

గ్రైండర్ పొడి మెషీన్ ఫ్యానులోకి పోకూడదు, అది ఇనప పొడి, బోర్డు మీద పేరుకుంటే షార్ట్ అవుతుంది. కటింగ్ ఒక చోట, మెషీన్ ఇంకో చోట పెట్టుకోండి. పని లేనప్పుడు స్పూల్ తీసి కవర్లో కట్టేయాలి. వానాకాలం రోలర్ మీదే వదిలేస్తే వైరుకి తుప్పు పట్టి, ఆ పొడి లైనర్‌లో బిగుసుకుంటుంది. మెషీన్‌తో పాటు 0.8 టిప్పులు పది, నాజిల్ ఒకటి అదనంగా కొనండి. టిప్పు రంధ్రం కోలగా అరిగితే ఆర్క్ వణుకుతుంది.

అల్యూమినియం కోసం మాత్రం ఈ తరగతి మెషీన్ కొనవద్దు. ఉత్త ఆర్గాన్, 'యు' గాడి రోలర్, టెఫ్లాన్ లైనర్ అన్నీ మార్చినా, మూడు మీటర్ల టార్చిలో ఆ మెత్తటి వైరు మధ్యలోనే మడతపడుతుంది.