బ్రాడీపేటలో దౌత్యవృత్తి పాఠాలు: రుసుము కట్టి విన్నవాడి సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలోని ఒక సివిల్స్ శిక్షణ సంస్థ ఈ వేసవిలో ఎనిమిది ఆదివారాలపాటు, సాంస్కృతిక, విద్యా సహకార రంగాల్లో పనిచేసే సీనియర్ దౌత్యవేత్తల ఉద్యోగ జీవితంపై ప్రత్యేక తరగతులు నడిపింది. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న మా అన్నయ్యగారి అమ్మాయిని అందులో చేర్పించాను. రాజనీతి శాస్త్రం బోధించేవాణ్ణి కనుక నేనూ మనిషికి 4,500 రూపాయల చొప్పున కట్టి వెనక బెంచీలో కూర్చున్నాను. రోహిణీకార్తె ఎండల్లో రెండు ఏసీలకు ఒకటే పనిచేసిందన్నది చిన్న సంగతి.

మూడో ఆదివారం తరగతి ఒక్కటే కట్టిన రుసుములో సగానికి సరిపోతుంది. అధ్యాపకుడు బోర్డు మీద రెండు నిచ్చెనలు గీశారు. ఒకదానిపై థర్డ్ సెక్రటరీ మొదలు కౌన్సెలర్, మినిస్టర్, అంబాసిడర్ వరకు రాయబార కార్యాలయంలోని హోదాలు, రెండోదానిపై అండర్ సెక్రటరీ నుంచి సెక్రటరీ వరకు ఢిల్లీలోని హోదాలు రాసి, ఒకే అధికారి కొన్నేళ్లు ఇటు, కొన్నేళ్లు అటు తిరుగుతూ రెండింటినీ ఎక్కుతారని వివరించారు. కేటాయించిన విదేశీ భాషలో పరీక్ష గట్టెక్కితేగాని ఉద్యోగం ఖాయం కాదని చెప్పినప్పుడు తరగతిలో చాలామంది పెన్నులు ఆగిపోయాయి.

ఆ రోజే ఒక కుర్రవాడు, "సార్, కల్చర్ పోస్టింగంటే పక్కన పెట్టినట్టేనా?" అని అడిగాడు. అధ్యాపకుడు నవ్వేసి ఊరుకోకుండా గోపాలకృష్ణ గాంధీ గారి ఉదాహరణ తీసుకున్నారు. ఐఏఎస్ నుంచి వచ్చి 1992లో లండన్‌లోని భారత సాంస్కృతిక కేంద్రం నెహ్రూ సెంటర్‌కు తొలి డైరెక్టరైన ఆయనే, తర్వాత దక్షిణాఫ్రికాలోనూ శ్రీలంకలోనూ రాయబారితో సమానమైన హైకమిషనర్‌గా పనిచేశారు. అక్కడి నుంచి అధ్యాపకుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ప్రస్తావనకు వెళ్లి, 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్న ఆచార్యుడు యునెస్కోలో భారత ప్రతినిధి వర్గానికి నాయకత్వం వహించి, 1949లో మాస్కోకు రాయబారిగా ఎలా వెళ్లారో తీరుబడిగా చెప్పారు. ఆ విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది బెజవాడలోనే అన్న ముక్క కూడా కలిపి ఉంటే మన పిల్లలు ఇంకాస్త నిటారుగా కూర్చునేవారు.

ముద్రిత నోట్సు మాత్రం ఈ స్థాయిలో లేదు. భారత సాంస్కృతిక సంబంధాల మండలి, అంటే ఐసీసీఆర్, కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉందని అందులో అచ్చయింది. 1950లో మౌలానా ఆజాద్ స్థాపించిన ఆ మండలి విదేశాంగ శాఖ పరిధిలోది. ఈ తరగతుల అంశమంతా ఆ ఒక్క సంబంధం మీదే నిలిచి ఉన్నందువల్ల దీన్ని అచ్చుతప్పుగా వదిలేయలేం. మా అమ్మాయి పెన్సిలుతో కొట్టివేసి సరిచేసుకుంది, పక్క బెంచీవాళ్లు అది చూసి దిద్దుకున్నారు. ఆఫీసులో చెబితే "వచ్చే బ్యాచ్‌కి మారుస్తామండీ" అన్నారు.

విద్యా సహకారాన్ని చివరి ఆదివారం గంటలో ముగించారు. ఇతర దేశాలవారికి భారత్ శిక్షణనిచ్చే, 1964లో మొదలైన ఐటెక్ పథకానికి ఒక్క పేరా దక్కింది. విదేశీ విద్యార్థులకు ఐసీసీఆర్ ఇచ్చే ఉపకారవేతనాల్లో రాయబార కార్యాలయం చేసే పనేమిటో, ఇక్కడి విశ్వవిద్యాలయం చేసే పనేమిటో విడదీసి చెప్పలేదు. కృష్ణకు అవతలి ఒడ్డున కూచిపూడి ఉండగా, ఒక నృత్య బృందాన్ని విదేశానికి పంపాలంటే అధికారి ఎన్ని ఫైళ్లు కదపాలో చూపించడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

అన్నిటికంటే నొప్పించింది కరపత్రంలో పెద్దక్షరాలతో వేసిన "విశ్రాంత రాయబారితో ముఖాముఖి". తీరా చూస్తే అది నలభై నిమిషాల పాత వీడియో, ప్రశ్నలు అడగడానికి అవతల మనిషే లేరు. పాఠాల కోసమైతే నేను మళ్లీ వెళతాను. తర్వాతి బ్యాచ్‌లో చేరదలచినవారు ముఖాముఖికి ఎవరు వస్తారో, ఏ తేదీన వస్తారో రసీదు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టడం మంచిది.