వీహెచ్‌ఎఫ్ నొక్కితే ఫిష్ ఫైండర్ ఆరిపోయేది

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్లకి డైనమో, బ్యాటరీ, వైరింగు పనులు చేసే చిన్న షాపు ఒకటుంది. బోర్డు లేదు, బయట పడేసిన పాత డైనమోల గుట్టే గుర్తు. ఈ వేట నిషేధంలో మా బోటు పని అక్కడే చేయించాను.

మా బోటు జబ్బు ఇది. నీటి లోతునీ చేపల్నీ తెర మీద చూపించే ఫిష్ ఫైండర్ మామూలుగా నడుస్తూ ఉంటుంది. వీహెచ్‌ఎఫ్ రేడియోలో మాట్లాడదామని బటన్ నొక్కగానే తెర ఆరిపోతుంది, వదిలాక మళ్లీ మొదట్నుంచి మొదలవుతుంది. పక్క బోటుతో మాట్లాడితే లోతు కనపడదు, లోతు చూడాలంటే నోరు మూసుకోవాలి. బోటు నడిపే సరంగు నన్ను తిట్టలేక ఫిష్ ఫైండర్ సెట్టుని తిట్టేవాడు.

అంతకుముందు ఇంకోచోట చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేశాం, తేడా లేదు. అయితే సెట్టే పోయిందన్నారు. విప్పి రిపేరుకి పంపితే పదిహేను రోజులకి ‘బాగానే ఉంది’ అన్న చీటీతో తిరిగొచ్చింది.

ఈ షాపు పెద్దాయన్ని అందరూ మావయ్యా అంటారు. బోటెక్కాక సెట్టు జోలికే పోలేదు. మీటరు తీసి బ్యాటరీ మీద పెట్టాడు, 12.7 వోల్టులు. సెట్టు ప్లగ్గు దగ్గర 12.5. అంతా సరిగ్గానే ఉంది కదా అన్నాను. ‘ఊరికే ఉంటే అన్నీ బాగానే ఉంటాయి బాబూ, బరువెత్తితేనే తెలుస్తాది’ అని, సరంగుని వీహెచ్‌ఎఫ్ బటన్ నొక్కి పట్టుకోమన్నాడు. అదీ పదహారో ఛానల్ మార్పించి. ఆపదలో పిలిచే ఛానల్‌ని టెస్టింగుకి వాడకూడదు కదా. బ్యాటరీ దగ్గర 12.5 ఉండగానే ప్లగ్గు దగ్గర 9.8కి పడిపోయింది. తెర ఆరింది.

25 వాట్ల వీహెచ్‌ఎఫ్ వింటున్నప్పుడు అర ఆంపియరు కూడా తీసుకోదట, మాట్లాడేటప్పుడు మాత్రం ఐదారు ఆంపియర్లు లాగుతుంది. మాకు రెండు సెట్లకీ ఒకటే తీగ. మీటరు ఒక పుల్ల బ్యాటరీ ప్లస్ మీద, రెండోది ప్లగ్గు ప్లస్ మీద పెట్టి మళ్లీ నొక్కించాడు. 0.2. మైనస్ నుంచి మైనస్‌కి అలాగే పెడితే 2.5. ‘అదిగో, మైనస్‌లో తినేస్తంది’ అన్నాడు.

వీల్‌హౌస్ కింద చెక్క తీస్తే, మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన జాయింటు బయటపడింది. టేపు విప్పితే రాగి రంగే లేదు, అంతా మైలుతుత్తంలాంటి పొడి. వేలితో లాగితే పోగులు పుటుక్కున రాలాయి. ఆ జాయింటు వేసిన ఘనుణ్ని నేనే, రెండేళ్ల కింద సముద్రంలో ఉండగా. ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

పాత తీగ పీకేసి, టిన్ పూత ఉన్న తీగ వేశాడు. చివర్లకి లగ్గులు, అంటే బిగించే లోహపు కొనలు, వేసి నొక్కి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాడు. బ్యాటరీ పక్కనే మెయిన్ ఫ్యూజు, అక్కణ్నుంచి ఒక్కో సెట్టుకీ విడిగా లైను. మళ్లీ బటన్ నొక్కి కొలిస్తే రెండు వైపులా కలిపి 0.3 కూడా పోలేదు.

లోపాలూ చెప్పాలి. పొద్దున ఎనిమిదికి వస్తానని పదకొండుకి వచ్చాడు. టిన్ పూత తీగ మామూలు దానికంటే బాగా ఖరీదని ముందు చెప్పలేదు. మొత్తం 3,800 అయింది, అందులో కూలి వెయ్యి. బిల్లు అడిగితే నవ్వాడు.

ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం తెర ఇప్పటికీ ఒకసారి ఆరి వెలుగుతుంది. సెల్ఫ్ మోటారు లాగే కరెంటుకి బ్యాటరీయే కుంగుతుంది కాబట్టి తీగ మార్చినా పోదట. సెట్లకి వేరే బ్యాటరీ అమ్ముతాడేమో అనుకున్నా. ‘ఇంజిన్ అందుకున్నాక సెట్టు వేసుకోండి, సరిపోద్ది’ అని మీటరు సంచిలో పెట్టుకుని దిగిపోయాడు.

వెళ్లేవాళ్లు మే నెలలోనే వెళ్లండి. జూన్ 14కి నిషేధం ముగుస్తుందంటే, ముందు వారం రోజులు ఆయన ఎవరికీ దొరకడు.