గొట్టంలో ప్రవాహ రేటు: ఏ సమీకరణం మేలు?

గొట్టంలో సెకనుకు ఎంత ద్రవం పారుతుందో చెప్పే ప్రవాహ రేటు లెక్కకు సాంతత్య సమీకరణమా (వేగం నుంచి కట్టేది), పాయిజలీ సమీకరణమా (పీడన భేదం నుంచి కట్టేది) అని విద్యార్థులు నన్ను తరచూ అడుగుతుంటారు. వేగం తెలిసినప్పుడు ఆ సందేహానికి తావు లేదు. సాంతత్య సమీకరణం ప్రకారం అడ్డుకోత వైశాల్యాన్ని సగటు వేగంతో గుణిస్తే చాలు. అయితే అది సగటు వేగమే కావాలి. స్తరీయ ప్రవాహంలో, అంటే ద్రవం పొరలు పొరలుగా సాగేటప్పుడు, గొట్టం నడుమ వేగం సగటుకు రెండింతలుంటుంది.

అసలు పోటీ పీడన భేదం మాత్రమే తెలిసినప్పుడు మొదలవుతుంది. అప్పుడు ఎంచుకోవలసింది పాయిజలీ, డార్సీ-వైస్‌బాక్ సమీకరణాలలో ఒకటి. తేల్చేది రేనాల్డ్స్ సంఖ్య, అంటే ద్రవ సాంద్రత, వేగం, గొట్టం వ్యాసాలను గుణించి స్నిగ్ధతతో (ద్రవం చిక్కదనంతో) భాగిస్తే వచ్చేది. అది సుమారు 2,000 లోపు ఉంటే ప్రవాహం స్తరీయంగా సాగుతుంది, పాయిజలీ సరిపోతుంది; బాగా దాటితే ప్రవాహం సుడులు తిరుగుతుంది, డార్సీ-వైస్‌బాక్ కావాలి. 1883లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలోకి రంగుధార వదిలి, అది ఎప్పుడు చెదిరిపోతుందో చూపించాడు.

ఒక మీటరు పొడవు, 2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం తీసుకోండి. నీరు 20 డిగ్రీల దగ్గర ఉంది, పీడన భేదం 1,000 పాస్కల్‌లు. పాయిజలీ ప్రకారం సెకనుకు 0.39 మిల్లీలీటర్లు వస్తుంది. రేనాల్డ్స్ సంఖ్య 250 మాత్రమే కాబట్టి ఆ జవాబును నమ్మవచ్చు. ఇప్పుడు వ్యాసాన్ని 20 మిల్లీమీటర్లు చేయండి. అదే సమీకరణం సెకనుకు 3.9 లీటర్లు అంటుంది. రేనాల్డ్స్ సంఖ్య చూస్తే రెండున్నర లక్షలు! అంటే ఆ సమీకరణానికి ఇక్కడ చోటే లేదు. నునుపైన గొట్టానికి డార్సీ-వైస్‌బాక్‌తో కడితే వచ్చేది 0.4 లీటరు. పదింతల తేడా.

అయినా నా మొగ్గు పాయిజలీ వైపే. ముందు దానితో కట్టి, వచ్చిన వేగంతో రేనాల్డ్స్ సంఖ్య చూస్తాను. హద్దు దాటితేనే రెండోదానికి వెళతాను. డార్సీ-వైస్‌బాక్‌లో ఘర్షణ గుణకం (ఘర్షణ వల్ల పీడనం ఎంత తగ్గుతుందో లెక్కించే సంఖ్య) కావాలి, ఆ గుణకం మళ్ళీ వేగంపైనే ఆధారపడుతుంది. అందుకే ఊహించి, కట్టి, సరిదిద్దుకోవాలి. స్తరీయ ప్రవాహానికి గుణకాన్ని 64 బై రేనాల్డ్స్ సంఖ్యగా తీసుకుంటే అది పాయిజలీ సమీకరణంగానే మారిపోతుంది.

పాత్ర, గడియారం పట్టుకుని నేరుగా కొలవడమూ ఉంది. ప్రవాహం నిలకడగా ఉంటే అది మంచి తనిఖీ.

పాయిజలీతో కట్టేవారు వ్యాసార్ధాన్ని తేలికగా తీసుకోకూడదు. దాని నాలుగో ఘాతం లెక్కలోకి వస్తుంది కనుక 5 శాతం పొరపాటు జవాబులో సుమారు 20 శాతమవుతుంది. సన్న గొట్టాన్ని స్కేలుతో కొలవకండి. నీటితో నింపి, ఆ నీటిని తూచండి. పైన చెప్పిన సన్న గొట్టంలో సుమారు 3.14 గ్రాములు పడుతుంది. ఆ బరువు నుంచి సగటు వ్యాసార్ధం కట్టుకోవచ్చు.