ఆషాఢం ఆఫర్లు: ధరల పట్టికా, స్కీముల విభాగమా, ప్రచార బోర్డా? ఏది మేలు?

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. శ్రావణం వచ్చి ముహూర్తాలు మొదలయ్యేదాకా బట్టల దుకాణాల్లో గిరాకీ పలచబడుతుంది. అందుకే ఆ నెలలో ధర తగ్గించి, నిల్వ ఉన్న సరుకు వదిలించుకోవడం తెలుగునాట వర్తకులకు ఆనవాయితీ అయింది. బయటికి కనిపించేది ఫ్లెక్సీ, పత్రికా ప్రకటన. లోపల మాత్రం అది అంచెలంచెలుగా నడిచే పని. ఏ లాట్ (ఒకే విడతలో వచ్చిన సరుకు) మీద ఎంత తగ్గించాలో తేల్చుకోవాలి, లెక్క సరిచూసుకోవాలి, పాత ఖాతాదారులకు కబురు పంపాలి, మొదలుపెట్టాలి, అవసరమైతే మధ్యలో మార్చాలి, గడువుకు ఆపాలి, ఆపాక వచ్చే వాపసులు తీర్చాలి, చివరకు మిగిలిందేమిటో చూసుకోవాలి.

ఈ దశలను నడపడానికి మన దుకాణాల్లో మూడు పద్ధతులు కనిపిస్తాయి. ఐటమ్ మాస్టర్‌లో (బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోని సరుకుల జాబితాలో) ధరలు చేత్తో మార్చి, మిగతాదంతా పుస్తకంలోనో ఎక్సెల్‌లోనో రాసుకోవడం ఒకటి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే స్కీముల విభాగాన్ని వాడటం రెండోది. ప్రచారం మొత్తాన్ని ఒక బోర్డు మీద కార్డులుగా పెట్టి, సందేశాలతో సహా అక్కడి నుంచే నడిపే పెద్ద వ్యవస్థ మూడోది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒకటి రెండు దుకాణాలు ఉన్నవారికి రెండోదే మేలు. శాఖలు పెరిగి, ఆఫర్ నిర్ణయించేవారు ఒకచోట, అమలు చేసేవారు మరోచోట ఉంటే మూడోది కావాలి. మొదటిది కౌంటర్ ఒక్కటే ఉండి, యజమానే బిల్లు కొట్టే చిన్న దుకాణానికి తప్ప ఎవరికీ తగదు.

ఈ మూడింటినీ నేను ఒకే ప్రశ్నతో తూచుతాను: దశ మారినప్పుడు కౌంటర్‌లో పడే బిల్లు మారుతుందా, లేదా? తెర మీద "ముగిసింది" అని రాసి ఉన్నా క్యాషియర్ ఇంకా తగ్గింపు ఇవ్వగలుగుతుంటే, ఆ ముగింపు ఉత్త రాతే.

ధరల పట్టిక

ఇది అందరికీ తెలిసిన దారి. కొత్తగా కొనాల్సింది లేదు, నేర్చుకోవాల్సింది లేదు. ఉదాహరణకు టాలీప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ధరల జాబితాకు అది ఏ తేదీ నుంచి వర్తిస్తుందో ఇవ్వవచ్చు. మొదలుపెట్టడానికి అది చాలు. చిక్కంతా ఆపడం దగ్గర ఉంది. ఆఫర్ ముగిసే రోజుకు పాత ధరలతో ఇంకో జాబితా వేయాలి. అది కూడా ఆఫర్ మొదలుకాక ముందే వేసి పెట్టాలి. శ్రావణం మొదటి రోజు పొద్దున రద్దీలో ఎవరూ ఆ పని చేయరు.

ఇంకో సంగతి. ధరే మార్చేస్తే, బిల్లులో తగ్గింపు అన్న వరుస కనిపించదు. నెల తర్వాత "ఆషాఢం ఆఫర్ వల్ల ఎంత అమ్మాం, ఎంత వదులుకున్నాం" అని అడిగితే చెప్పడానికి ఆధారం ఉండదు. అమ్మకం తగ్గిన ధరకు జరిగిందన్నది తెలుస్తుంది గాని, ఏ ఆఫర్ కింద జరిగిందన్నది తెలియదు.

పోయిన ఏటి ఎక్సెల్ ఫైలును నకలు తీసి వాడేవారికి తేదీల గండం కూడా ఉంది. 2025లో ఆషాఢ మాసం జూన్ 26న మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చినందున అది జూలై 15కు జరిగింది. దాదాపు మూడు వారాల తేడా. మన పండుగల ఆఫర్లకు ఇంగ్లీషు తేదీలు ఏటా కొత్తగా వేసుకోవాల్సిందే. ఇది మూడు పద్ధతులకూ వర్తించినా, చేత్తో చేసే చోట తప్పును పట్టుకునే రెండో కన్ను ఉండదు.

స్కీముల విభాగం

ఇక్కడ ధర ముట్టుకోము. దాని మీద ఒక నియమం పెడతాము: ఈ లాట్ సరుకుకు, ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా, ఇంత శాతం తగ్గింపు. ముంబయిలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ప్రైసింగ్ రూల్ పేరుతో ఉండేది ఇదే. దానికి మొదలు తేదీ, ముగింపు తేదీ రెండూ ఉంటాయి. ఒకే వస్తువుకు రెండు ఆఫర్లు తగిలితే ఏది ముందో చెప్పే ప్రాధాన్య సంఖ్య కూడా ఇవ్వవచ్చు. మన పట్టణాల్లో అమ్ముడయ్యే చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో ఇదే పని స్కీము, ఆఫర్ అన్న పేర్లతో దొరుకుతుంది.

ఈ పద్ధతిలో గడువు నిజంగా తాళం. ఆఖరి రోజు దాటాక క్యాషియర్ బార్‌కోడ్ కొడితే పూర్తి ధరే వస్తుంది. తెలిసినవాళ్లు వచ్చి "నిన్నటి ధరకే ఇవ్వు" అని బతిమాలినా, మేనేజర్ పిన్ లేకుండా తగ్గించడానికి వీలుండకూడదు. ఆ హక్కులు ముందుగా సరిచేసుకోవాలి. చేత్తో ఇచ్చే తగ్గింపుకు పరిమితి పెట్టకుండా స్కీములు ఎన్ని పెట్టినా సరుకు ఆ సందులోంచే జారిపోతుంది.

లోటు లేదని కాదు. ఈ విభాగంలో దశలంటే రెండే: అమలులో ఉంది, లేదు. తయారీలో ఉన్నది, యజమాని ఆమోదం కోసం ఆగినది, సరిచూసినది అన్న తేడాలు చాలా వాటిలో కనిపించవు. ఒక దుకాణానికి ఆ లోటు కౌంటర్ పక్కన గోడకు అంటించిన కాగితంతో తీరుతుంది. చేయాల్సిన పనులు వరుసగా రాసి, పూర్తయిన దాని పక్కన సంతకం పెట్టిస్తే చాలు.

ఎవరూ పట్టించుకోని దశ: సరిచూసుకోవడం

ఏ పద్ధతి ఎంచుకున్నా మొదలుపెట్టే ముందు రోజు ప్రయోగానికి బిల్లులు కొట్టి చూడాలి. ఎందుకో ఒక లెక్కతో చూపిస్తాను.

2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తులకు జీఎస్టీ మారింది. పీసు విలువ 2,500 రూపాయల దాకా 5 శాతం, అంతకు మించితే 18 శాతం. బిల్లులోనే చూపించిన తగ్గింపు పోగా మిగిలిన విలువ మీద పన్ను పడుతుంది. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం సెక్షన్ 15(3) చెప్పేది అదే. అంటే తగ్గింపు ఇస్తే పన్ను రేటే మారిపోవచ్చు.

పన్ను కాక 2,800 రూపాయల డ్రెస్సు తీసుకుందాం. 18 శాతం కలిపి ట్యాగ్ మీద 3,304. దాని మీద 20 శాతం తగ్గిస్తే 2,643 రూపాయల 20 పైసలు. ఇప్పుడు పన్ను ఎంత? 18 శాతం అనుకుంటే అసలు విలువ 2,240. అది 2,500 లోపే కాబట్టి 18 శాతం వేయకూడదు. పోనీ 5 శాతం అనుకుంటే విలువ 2,517 దాటుతుంది. అది 2,500 పైన కాబట్టి 5 శాతం కుదరదు. పన్నుతో కలిపిన ధర 2,625 దాటి 2,950 వరకు ఎక్కడ పడినా ఇదే పేచీ. సాఫ్ట్‌వేర్ ఏదో ఒక రేటు వేసి బిల్లు ఇస్తుంది. ఏది వేసిందో మనం చూడకపోతే ఆడిటర్ చూస్తాడు.

పరిష్కారం తేలికే, ముందు కనిపెడితే. అదే డ్రెస్సును 2,599కి పెట్టండి. 5 శాతం తీసేస్తే విలువ సుమారు 2,475. ఖాతాదారుకు 44 రూపాయలు అదనంగా తగ్గింది. 18 శాతం లెక్కతో పోలిస్తే దుకాణానికి పీసుకు 235 రూపాయలు ఎక్కువ మిగిలింది. ఒక్క ప్రయోగపు బిల్లుతో తేలే సంగతి ఇది. తగ్గింపు పోగా ధర 2,625, 2,950 మధ్య పడే ప్రతి లాట్‌నూ ఇలా పరీక్షించందే ఆఫర్‌ను ముందుకు కదలనివ్వకూడదు.

ప్రచార బోర్డు

పెద్ద వ్యవస్థల ఆకర్షణ అర్థం చేసుకోదగ్గదే. ఓడూ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో ప్రచారాలు కార్డులుగా కనిపిస్తాయి. ఒక్కో దశకు ఒక నిలువు గడి. కార్డును పట్టుకుని పక్క గడిలోకి జరపవచ్చు. దశల పేర్లు మనమే పెట్టుకోవచ్చు. ఎవరి దగ్గర ఏ పని ఆగిందో చూసిన వెంటనే తెలుస్తుంది. అయితే కార్డును జరిపినంత మాత్రాన కౌంటర్‌లో తగ్గింపు మొదలుకాదు, ఆగదు. తగ్గింపు నియమాలు, వాటి తేదీలు, అవి ఏ కౌంటర్లకు వర్తిస్తాయన్నది వేరే చోట పెట్టాలి. బోర్డు చూసి నిశ్చింతగా ఉండేవారు దెబ్బతినేది ఇక్కడే.

మైక్రోసాఫ్ట్ డైనమిక్స్ 365 కామర్స్‌లో ఇదే సంగతి మరో రూపంలో ఉంటుంది. ప్రధాన కార్యాలయంలో తగ్గింపును ఎనేబుల్ చేశాక, 1020 నంబరు జాబ్ (ధరలు, తగ్గింపులు పంపే పని) నడిచి ఆ వివరాలు దుకాణాలకు చేరాలి. అది నడవకపోతే ఫ్లెక్సీ మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర. వరంగల్ శాఖలో ఖాతాదారు గొడవపడితే హైదరాబాద్ కార్యాలయంలో కూర్చున్నవారికి కారణం తట్టదు. కాబట్టి శాఖలు ఉన్నవారు "శాఖలకు చేరింది" అన్నదాన్ని ప్రత్యేక దశగా పెట్టుకుని, ప్రతి శాఖ నుంచీ ఒక ప్రయోగపు బిల్లు ఫొటో తెప్పించుకున్నాకే కార్డు కదపాలి.

ఇంత చేస్తే బోర్డుకు సాటిలేదు. కొనుగోళ్లు చూసేవారు, ప్రకటనలు చూసేవారు, అకౌంట్లు చూసేవారు వేర్వేరు మనుషులైన చోట నోటిమాట మీద ఆఫర్ నడవదు. ఎవరు ఎప్పుడు ఆమోదించారన్నది రాతలో ఉండాలి. కానీ ఆ మనుషులే లేని దుకాణంలో యజమాని ఒక్కడే అన్ని కార్డులూ జరుపుకుంటూ కూర్చుంటే, నాలుగో రోజుకు బోర్డు పాతబడుతుంది.

ఖాతాదారులకు కబురు

బోర్డుకు స్పష్టంగా మొగ్గు ఇవ్వాల్సిన చోటు ఇది. ఆఫర్ సందేశం పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం వ్యాపార సంస్థ, పంపే పేరు, సందేశపు నమూనా అన్నీ డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల నమోదు వేదికలో నమోదై ఉండాలి. వాట్సాప్‌లో అయితే నమూనాను దాని యజమాని సంస్థ మెటా ఆమోదించాలి. "20 శాతం" అని నమూనాలోనే స్థిరంగా రాయించి, ఆఖరి నిమిషంలో 25 చేద్దామంటే సందేశం కదలదు. శాతాన్ని మారే గడిగా పెట్టించుకుని, నమూనా ఆమోదాన్ని విడి దశగా లెక్కించాలి. దీనికి కొన్ని రోజులు ముందే కేటాయించుకోవాలి. ధరల పట్టికకు గాని, స్కీముల విభాగానికి గాని ఈ సంగతి గుర్తుచేసే తీరు లేదు.

నంబర్ల విషయంలో నాకు గట్టి పట్టింపు ఉంది. బిల్లు వేయడానికి ఫోన్ నంబరు ఇచ్చి తీరాలని పట్టుబట్టవద్దని 2023 మే నెలలోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వర్తకులకు సూచించింది. అదే ఏడాది వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. ఆఫర్ సందేశాలకు ఒప్పుకున్నారా లేదా అన్న గడి ఖాతాదారు వివరాల్లో ఉన్న సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోండి. అడగకుండా పంపే సందేశం మర్యాద కాదు.

ముగిశాక వచ్చే వాపసులు

రెండు కొంటే ఒకటి ఉచితం కింద 999 రూపాయల చొక్కాలు మూడు అమ్మారు. ఖాతాదారు చెల్లించింది 1,998. ఆఫర్ ముగిసిన మర్నాడు ఒక చొక్కా సైజు సరిపోలేదని తెచ్చాడు. అతనికి లెక్కలోకి రావాల్సింది 999 కాదు, 666. "ఉచితం" అన్నా అది ఊరికే ఇచ్చింది కాదని, కలిపి ఒక ధరకు అమ్మినట్లేనని జీఎస్టీ అధికారులు 2019 మార్చి 7 నాటి 92వ సర్క్యులర్‌లో వివరించారు. సరిగ్గా అమర్చిన స్కీముల విభాగం తగ్గింపును మూడు చొక్కాలకూ పంచి బిల్లులో నిలిపి ఉంచుతుంది. పాత బిల్లు నంబరు కొడితే 666 వస్తుంది. ధరలు చేత్తో మార్చే చోట పాత బిల్లు వెతికి లెక్క కట్టాలి, లేదంటే ఈనాటి ధరే వస్తుంది. అందుకని గడువు ముగియగానే స్కీమును తొలగించవద్దు. వాపసుల గడువు తీరేదాకా ఉంచి, ఆ తర్వాతే లాభనష్టాలు చూడండి.

కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవారిని మీ కౌంటర్ మీదే మూడు బిల్లులు వేసి చూపించమనండి. 3,304 ట్యాగ్ మీద 20 శాతం తగ్గింపుతో ఒకటి. ముగిసిన ఆఫర్ మీద ఒక చొక్కా వాపసు తీసుకుంటూ ఒకటి. ఇంటర్నెట్ తీగ పీకేసి, గడువు దాటిన తేదీతో ఒకటి. ఒక్కసారి మాత్రమే వాడాల్సిన కూపన్ కోడ్లకు సర్వర్ కావాలి గాని, గడువు తేదీ తెలుసుకోవడానికి కౌంటర్‌లోని కంప్యూటరే చాలాలి. మూడూ సరిగ్గా వచ్చినా, మారే పని ఆషాఢం ముందు వారంలో పెట్టుకోకండి. సంక్రాంతి రద్దీ తగ్గాక మొదలుపెడితే, ఉగాది ఆఫర్‌తో క్యాషియర్లకు చేయి తిరుగుతుంది.